కోళ్ల జాలీ మీద రొయ్యలు

ఇది ఒక మహాగాథ. ఇందులో గోదావరి ఉంది, అడవి ఉంది, అగ్ని ఉంది, ద్రోహం ఉంది, నలభై మంది ప్రాణాల మీదికి వచ్చిన ఒక మధ్యాహ్నం ఉంది.

ఇలా మొదలుపెడితే బాగుంటుందనిపించింది. నిజానికి అంత లేదు. గోదావరి ఆ రోజు తన దారిన తాను పోతోంది. అగ్ని అంటే రెండు గంపల బొగ్గులు. నలభై మందిలో సగానికి తక్కువ మందికే వాంతులయ్యాయి, వాళ్లు కూడా సాయంత్రానికి లేచి కూర్చుని టీ అడిగారు. ద్రోహం మాత్రం ఉంది. అది నాది. మిగతాదంతా ఒక ఇనుప తీగల జాలీ గురించి.

నాకిప్పుడు ముప్పై మూడేళ్లు. రిటైరయ్యాను. నవ్వకండి, నాకు శాలువా కూడా కప్పలేదు. పన్నెండేళ్లు బొగ్గుల ముందు నిలబడి కాల్చాను. దగ్గు తగ్గడం లేదని వెళ్తే డాక్టరు ఎక్స్‌రే చూసి, రోజుకు ఎన్ని సిగరెట్లని అడిగారు. నేను తాగనన్నాను. "మరి నీ బదులు ఎవరు తాగిన్రు?" అన్నారు. బొగ్గులండీ అన్నాను. ఆ రోజుతో నా వృత్తి జీవితం ముగిసింది. ఇప్పుడు మధిరలో మా బావ ఎరువుల దుకాణంలో కూర్చుంటున్నాను. యూరియా కాల్చాల్సిన పని లేదు కాబట్టి ఊపిరి బాగానే ఆడుతోంది.

ఈ మధ్య బార్బెక్యూ కౌంటర్లలో పనికి కుదిరిన పిల్లలు ఫోన్ చేసి ఏ సామాను కొనాలని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పలేక రాస్తున్నాను. సామాను గురించి తెలిసిందంతా చెబుతాను. ఒక జాలీ గురించి మాత్రం చెప్పకుండా ఉంటే బాగుండేది. కానీ అది చెప్పకపోతే మిగతాది చెప్పే అర్హత నాకు లేదు.

ఉల్లిగడ్డ పాఠం

నా గురువు యాకూబ్ మాస్టర్. ఖమ్మంలో సాయంత్రాలు ఇనుప సీకులకు మాంసం గుచ్చి కాల్చే బండి నడిపేవారు. నేను బోనకల్ నుంచి రైల్లో వచ్చి ఆయన దగ్గర పనిచేసేవాణ్ణి. అప్పటికే డిగ్రీ మధ్యలో ఆగింది. నేను దాన్ని వదిలేశానో అది నన్ను వదిలేసిందో ఇంకా తేలలేదు.

మొదటి నెల నా చేతికి విసనకర్ర తప్ప ఏమీ ఇవ్వలేదు. రెండో నెల ఉల్లిగడ్డ రెబ్బలు ఇచ్చారు.

"కోడికాలు ఎవడైనా కాలుస్తడు బిడ్డా," అన్నారు. "అది పెద్దది. నువ్వు పక్కకు పోయి ఫోన్ మాట్లాడొచ్చినా అదే కాలుతది. ఉల్లిగడ్డ రెబ్బ కాల్చి చూపియ్. గప్పుడు నిన్ను వంటోడంట."

నాలుగు రెబ్బలు ఊచల సందులోంచి బొగ్గుల్లో పడ్డాయి. ఐదోదాన్ని పట్టకారుతో పట్టబోతే అది ఎగిరి ఆరోదాన్ని తోడు తీసుకుని పోయింది.

"ఏందిరా, గిరాకీలకా నిప్పుకా నువ్వు పెట్టేది?"

బండి చుట్టూ నిలబడ్డవాళ్లు నవ్వారు. నాకు సిగ్గేసింది. తర్వాత తెలిసింది, అది సిగ్గులో ఎల్‌కేజీ అని.

చిన్న ముక్కకు మూడు జబ్బులుంటాయని మాస్టర్ చెప్పేవారు. జారిపోతుంది, ఎండిపోతుంది, మనం తుమ్మేలోగా మాడిపోతుంది. కాబట్టి దాన్ని పట్టే సామాను జారనివ్వకూడదు, సెగను అడ్డుకోకూడదు, అన్ని ముక్కల్నీ ఒకేసారి తిప్పనివ్వాలి. ఇంకో మాట కూడా అనేవారు: "సామాను రుచి నోటికి తగలొద్దు. తగిలిందంటే అది సామాను కాదు, మసాలా." ఆ మాటకు నేను అప్పుడు తల ఊపాను. తల ఊపడం నాకు బాగా వచ్చు.

ఏది దేనికి

ఉత్త ఊచల గ్రిల్ మీద చిన్న ముక్కలు వేయకండి. ఊచలకు అడ్డంగా పెడితే ఆగుతాయని పుస్తకాల్లో రాస్తారు. రాసినవాళ్లు గాలి లేని ఊళ్లో ఉంటారు.

గుండ్రటి సీకుకు రొయ్యలు గుచ్చితే సీకు తిరుగుతుంది, రొయ్య తిరగదు. ధర్నాలో కూర్చున్నట్టు అదే వైపు కూర్చుంటుంది. బల్లపరుపు సీకులు కొనండి. లేదంటే రెండు సన్నసీకులు పక్కపక్కనే గుచ్చండి, మాట వింటుంది. వెదురు పుల్లలైతే అరగంట ముందే నీళ్లలో నానబెట్టాలి. నానబెట్టకపోతే ముక్క కంటే ముందు పుల్ల వడ్డించడానికి తయారవుతుంది.

చిల్లుల పళ్లెం మంచిది. పుట్టగొడుగులకు, బేబీకార్న్‌కు, వెల్లుల్లికి అంతకంటే సుఖమైనది లేదు. ఖాళీగా ముందు బాగా వేడెక్కనిచ్చి, ఆ తర్వాత ముక్కలు వేయాలి. నిండా వేయకండి. నిండా వేస్తే నీరొస్తుంది, నీరొస్తే అది కూర. దాన్ని కూరని ఒప్పుకుని అన్నం పెట్టేయడం మర్యాద. నల్లపూత ఉన్న నాన్‌స్టిక్ పెనాన్ని బొగ్గుల మీద పెట్టకండి, అది గ్యాస్ పొయ్యి మీద మెత్తగా పెరిగిన ప్రాణి. ఫాయిల్‌లో చుడితే ముక్క ఉడుకుతుంది. ఉడకడంలో తప్పేం లేదు. కాల్చామని చెప్పడంలో ఉంది.

అన్నిటికంటే మంచిది రెండు రెక్కలుండి పుస్తకంలా మూసుకునే జాలీ. మధ్యలో ముక్కలు పరిచి, మూసి, పిడి దగ్గర కడియం బిగించి, ఒక్క తిప్పు తిప్పితే అన్నీ ఒకేసారి తిరుగుతాయి. పిడి మూరెడు ఉండాలి. జాలీ స్టెయిన్‌లెస్ స్టీల్‌దై ఉండాలి. ఈ చివరి వాక్యం కింద రెండు గీతలు గీసుకోండి. ఎందుకో చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

లచ్చక్క పుల్ల

ఖమ్మం తర్వాత నేను భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఒక రిసార్ట్‌లో చేరాను. రిసార్ట్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఆరు కాటేజీలు, ఒక రేకుల షెడ్డు, ఒక బోర్డు. మూడింట్లో బోర్డే పెద్దది. మేనేజరు శ్రీధర్ సార్ మంచి మనిషే కానీ ఆయనకు ప్రతిదానిలో 'ఫీల్' కావాలి. పప్పులో కూడా అడవి ఫీల్ రాలేదని ఒకసారి వెనక్కి పంపారు.

అక్కడ గిన్నెలు కడిగే మనిషి లచ్చక్క. వాగు అవతల కోయగూడెం ఆమెది. నలభై ఐదేళ్లుంటాయి. గిన్నెలు కడగడంతో పాటు విస్తళ్లకు ఆకులు తెచ్చేది. వానలు పడ్డాక పుట్టగొడుగులు తెచ్చేది. మాకు ఇవ్వగా మిగిలినవి వారం సంతలో గంపతో పెట్టి అమ్ముకునేది. వానాకాలం మూడు నెలలు వాళ్లింటికి ఆ గంపే ఆధారం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

ఒక రోజు పని లేని వేళ ఆమె పొయ్యి దగ్గర చిన్న చేపలు కాలుస్తుంటే చూశాను. చేతి వేలంత చేపలు. పచ్చి వెదురు పుల్ల మూరన్నర పొడవుది తీసుకుని సగం దాకా నిలువునా చీల్చింది. ఆ చీలికలో చేపల్ని అడ్డంగా వరసగా ఇరికించింది. పై కొసను నారతో కట్టేసింది. పుల్లను నిప్పు పక్కన నేలలో ఏటవాలుగా గుచ్చి, తన పని తాను చూసుకుంటూ మధ్యలో ఒకసారి తిప్పింది. ఒక్క చేప కూడా జారలేదు, ఒక్కటీ మాడలేదు. మాస్టర్ చెప్పిన మూడు జబ్బులకూ మందు ఆమె కంచె పక్కన మొలిచి ఉంది.

"తిను తమ్మీ," అంది.

తిన్నాను. నా పన్నెండేళ్లలో నేను కాల్చినవాటిలో ఏదీ అలా లేదు.

"బాగనే ఉన్నదక్కా. గని గెస్టులకు పెడితే మంచిగుండదు."

"ఎందుకు? వాళ్లకు నోళ్లు లేవా?"

మెరిసే సామాను

ఆగస్టులో వానలు కాస్త తెరిపిచ్చినప్పుడు ఒక బుకింగ్ వచ్చింది. మా బోనకల్ చర్చి వాళ్లు, నలభై మంది, ఒక రోజు కూడికకు వస్తున్నారు. నన్ను ఊయలలో చూసినవాళ్లు, సండే స్కూల్లో నాతో వాక్యాలు బట్టీ పట్టించినవాళ్లు. మా పెద్దమ్మ కూడా వస్తోంది. నేను పెద్ద షెఫ్‌ననీ, విదేశీయులు నా చేతి వంట కోసం వస్తారనీ ఆమె ఊరంతా చెప్పి ఉంది. ఆ రిసార్ట్‌కు అంతవరకు వచ్చిన విదేశీయుడు ఒక్కడే. దారి తప్పి వచ్చి మంచినీళ్లు తాగి వెళ్లాడు.

నేను రెండు రెక్కల స్టీలు జాలీలు ఆరు తెప్పించమని ముందే చెప్పాను. తెప్పించారు కూడా. రోడ్డు మీదికి నీళ్లొచ్చి లారీ ఎక్కడో ఆగిపోయింది. కూడిక రేపనగా జాలీలు లేవు, రొయ్యలు మాత్రం వచ్చాయి.

అప్పుడు నేను చేయాల్సింది తేలికైన పని. లచ్చక్కను పిలిచి, అక్కా, ముప్పై పుల్లలు చీల్చిపెట్టు అనడమే. నోటి దాకా వచ్చింది. కానీ రేపు మా పెద్దమ్మ, పాస్టరు గారు, నాతో చదువుకుని ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు వస్తారు. పదేళ్లు నేర్చుకున్నది కట్టెపుల్లేనా అనుకుంటారు. ఇదీ నా బాధ. రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, నవ్వాల్సింది కాదు.

బండేసుకుని భద్రాచలంలో ఒక ఇనుప సామాన్ల దుకాణానికి వెళ్లాను. చుట్ట చుట్టి పెట్టిన జాలీ ఒకటి తళతళా మెరుస్తోంది. కన్ను అరంగుళం. రొయ్య జారదు.

"కోళ్లకా అన్నా, కుందేళ్లకా?" అడిగాడు దుకాణదారు.

"రొయ్యలకు."

"రొయ్యలా? జాలీల నీళ్లెట్ల ఆగుతయన్నా?"

చూడండి, అతనికి కూడా దాని మీద వండుతారన్న ఊహ రాలేదు. ఆ ఊహ వచ్చిన మొదటి మేధావిని నేనే. ముక్క కోయించుకుని వచ్చి, నాలుగు పక్కలా వంచి పళ్లెంలా చేసి, తీగతో పిడి కట్టాను. గిన్నెలు తోముతున్న లచ్చక్క చూసింది.

"గిది కోళ్ల గూటికి కొట్టే జాలీ గద తమ్మీ?"

"అయితే ఏందక్కా? ఇనుమే గద."

"ఇనుము మీద ఏదో పూత ఉంటది. మా ఇంటి కాడ ఒకపాలి దీని మీద చేపలు కాల్చిన. నోరంత చేదు. పిల్లలు కక్కుకున్నరు. వద్దు."

నేనేమన్నానో మాట మార్చకుండా రాస్తున్నాను.

"అక్కా, నువ్వు గిన్నెలు కడుగు. వంట సంగతి నేను చూసుకుంట."

ఆమె గిన్నెలు కడిగింది.

ఆ మధ్యాహ్నం

శ్రీధర్ సార్ ఫీల్ కోసం పక్కన చిన్న పొయ్యి పెట్టించి, లచ్చక్కను పుట్టగొడుగులు పుల్లలకు పెట్టి కాల్చమన్నారు, ఫొటోలకు బాగుంటుందని. నా కౌంటర్ షెడ్డు మధ్యలో. రొయ్యలకు నిమ్మరసం, పెరుగు, కారం పట్టించి జాలీ పళ్లెం మీద పరిచాను. మా పెద్దమ్మ ముందు వరసలో నిలబడి అందరికీ నన్ను వివరిస్తోంది.

జాలీ కింద నుంచి తెల్లగా ఒక పొగ లేచింది. బొగ్గు పొగ రంగు నాకు తెలుసు, అది కాదు. కొత్త సామాను కదా, మొదటిసారి అలాగే ఉంటుందన్నాను. ఎవరూ అడగకుండానే అన్నాను. ఒక రొయ్య నోట్లో వేసుకున్నాను. పుల్లటి మజ్జిగను పాత రేకు డబ్బాలో పోసి తాగినట్టుంది. మాస్టర్ మాట గుర్తొచ్చింది. సామాను రుచి.

"ఏదో తేడాగ ఉంది కదరా," అన్నాడు నా సండే స్కూల్ దోస్తు ఒకడు.

"అది స్మోకీ ఫ్లేవర్ రా," అన్నాను.

పాపం, వాడు ఇంకో ప్లేటు తీసుకున్నాడు.

గంట గడవలేదు. మొదట వాడే షెడ్డు వెనక్కి పరుగెత్తాడు. తర్వాత ఇద్దరు, తర్వాత లెక్క పోయింది. నాకూ కడుపులో తిప్పుతోంది, కానీ పెట్టినవాడు కక్కితే బాగుండదని పళ్లు బిగబట్టాను. రెండు జీపుల్లో అందర్నీ దవాఖానాకు చేర్చాం.

డ్యూటీ డాక్టరు పద్ధతిగా అడిగారు, ఏం తిన్నారని. నేను నోరు తెరిచాను. నా నోటి కంటే మా పెద్దమ్మ నోరు ముందు తెరుచుకుంది. ఆమెకు వాంతుల మధ్యలో కూడా తీరిక ఉంది.

"అడివి పుట్టగొడుగులు పెట్టిన్రు డాక్టర్ గారూ! నేనప్పుడే అనుకున్న!"

డాక్టరు నావైపు తిరిగారు. "అడవి పుట్టగొడుగులు పెట్టారా?"

"అవ్ సార్," అన్నాను.

అందులో అబద్ధం లేదు. పెట్టాం. ఆయన అడిగిందానికే జవాబు చెప్పాను. ఆ తెలివి మీద నేను రెండేళ్లు బతికాను.

మందులిచ్చారు, సెలైన్లు ఎక్కించారు. చీకటి పడకముందే అందరూ కుదుటపడ్డారు. పాస్టరు గారి భార్య, పాస్టరమ్మ గారికి మాత్రం ఏమీ కాలేదు. ఆమెకు రొయ్యలు పడవు. లచ్చక్క పొయ్యి దగ్గరే కూర్చుని పుట్టగొడుగులు మాత్రమే తిన్నారు. వాటర్ బాటిల్ పట్టుకుని మంచం మంచానికీ తిరుగుతూ అందరికీ తాగించారు. ఆ దవాఖానాలో అసలు జవాబు ఆమె రూపంలో నడుస్తూనే ఉంది. చూసింది నేనొక్కణ్ణే.

తిరిగొచ్చి జాలీ చూశాను. నిమ్మరసం కారినచోటల్లా మెరుపు పోయి సున్నం కొట్టినట్టు తెల్లగా పొడి లేచింది. దాన్ని షెడ్డు వెనక పడేశాను.

మర్నాడు పొద్దున శ్రీధర్ సార్ లచ్చక్కను పిలిచి ఇక రావద్దన్నారు. నేను పక్కనే ఉన్నాను. ఆమె ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది. నేను ఒక గరిటెను చాలా శ్రద్ధగా తుడుస్తున్నాను.

"గిన్నెలు తోమే పీచు అయిపోయింది తమ్మీ," అంది. "తెప్పియ్యి."

అంతే. వెళ్లిపోయింది. ఏడ్చినా తిట్టినా నాకు కొంచెం తేలికయ్యేది. ఆమె నాకు ఆ సాయం చేయలేదు.

సాక్ష్యం

మా చర్చిలో ఆపద తప్పినవాళ్లు ఆదివారం లేచి సాక్ష్యం చెబుతారు. ఆ వారం నన్ను పిలిచారు. సరైన సమయంలో డాక్టరుకు సంగతి చెప్పి అందర్నీ కాపాడిన మన బిడ్డ, అన్నారు పాస్టరు గారు. మైకు చేతిలో పెట్టారు.

అప్పుడైనా చెప్పొచ్చు. మైకు ఉంది, జనం ఉన్నారు. నేను మూడు నిమిషాలు మాట్లాడాను. అడవిలో దొరికేవాటి విషయంలో జాగ్రత్తగా ఉండాలన్నాను. తెలియక చేశారు, క్షమించాలి అని కూడా అన్నాను. తప్పు చేయని మనిషిని నలుగురి ముందు క్షమించాను! అందరూ ఆమెన్ అన్నారు.

గేటు దగ్గర పాస్టరమ్మ గారు ఆపారు.

"బాబూ, నేను నాలుగు పుల్లల పుట్టగొడుగులు తిన్నా. నాకేం కాలే."

"మీకు దేవుని కృప అమ్మగారూ," అన్నాను.

"అవ్వా?" అన్నారామె, నిజమేనా అన్నట్టు. ప్రార్థనలో ఎప్పుడు కళ్లు మూసుకున్నా నాకు ఆ 'అవ్వా' వినిపించేది.

ఆ నెలలోనే వెల్డింగ్ పని చేసే మా తమ్ముడు వరసవాణ్ణి మాటల్లో పెట్టి, జాలీ మీద పూత గురించి అడిగాను. "అది జింకు పూతన్నా. దాని మీద వెల్డింగ్ చేస్తే పొగకు మాకే చలిజ్వరమొస్తది. పులుపు తగిలితే ఇంకా కరుగుతది. ఎందుకు?" అన్నాడు. ఊరికే అన్నాను. "ఊరికేనా, రొయ్యలు గిట్ల కాల్చినవా ఏంది?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మా ఇద్దరిలో వాడికే నిజంగా నవ్వొచ్చింది.

సంత

ఆమె తర్వాత రిసార్ట్‌కు విస్తళ్లు తెచ్చే ముసలాయన చెప్పాడు. సంతలో లచ్చక్క గంప దగ్గర ఎవరూ ఆగడం లేదట. ఆమె పుట్టగొడుగులు తిని పట్నపోళ్లు చచ్చిపోయారని ఒకరు, చావలేదు గాని కళ్లు పోయాయని ఒకరు చెప్పుకుంటున్నారట. రెండు వానాకాలాలు ఆమె గంప నిండుగా తెచ్చి నిండుగా తీసుకుపోయింది. ఈ మాట విన్నాక కూడా నేను వెళ్లలేదు. వచ్చే వారం వెళ్దామనుకున్నాను. రెండేళ్లలో వచ్చే వారాలు చాలా ఉంటాయి.

దగ్గు ముదిరి పని మానేసేటప్పుడు జాలీ సంగతి శ్రీధర్ సార్‌కు చెప్పాను.

"ఇప్పుడెందుకయ్యా గవన్నీ?" అన్నారు. "గిన్నెలకు వేరే మనిషి కుదిరింది. రివ్యూలు మంచిగొస్తున్నయ్."

చర్చిలో చెప్పాను, అదే మైకులో. చప్పట్లు కొట్టారు, నా కోసం ప్రార్థన చేశారు. దోస్తు గాడు కౌగిలించుకుని, "స్మోకీ ఫ్లేవర్ రా," అని చెవిలో అన్నాడు. పాస్టరమ్మ గారు చప్పట్లు కొట్టలేదు. "ఆమెకు చెప్పినవా?" అని అడిగారు. లేదన్నాను. "మరి మాకెందుకు?" అన్నారు.

దాంతో వాగు దాటాను. లచ్చక్క వాకిట్లో విస్తరి కుడుతోంది. నేను దారంతా కూర్చుకున్న మాటలన్నీ చెప్పాను. ఆమె ఈనెపుల్ల పళ్ల మధ్య పెట్టుకుని విన్నది. తర్వాత తీసింది.

"ఎరుకే."

"ఎరుకైతే అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్పిన గద. జాలీ తెచ్చిన రోజే చెప్పిన. నువ్వే గిన్నెలు కడుగుమన్నవ్."

పక్కన పడి ఉన్న ఆకులు ఏరి ఆమె ముందు పెట్టాను.

"నేను తప్పు చేసినక్కా. చర్చిల కూడ అందరి ముందట ఒప్పుకున్న."

"మీ చర్చిల చెప్తే నా పుట్టగొడుగులు అమ్ముడుపోతయా? సంతల చెప్పు."

సంతకు వెళ్లాను. గొప్ప దృశ్యం అవుతుందనుకున్నాను. సన్నగా వాన పడుతోంది. పక్కనే దోమతెరల వాడు మైకు పెట్టుకుని అరుస్తున్నాడు. నేను గంప పక్కన నిలబడి, రెండేళ్ల కింద పట్నపోళ్లకు వాంతులైంది ఈమె పుట్టగొడుగులతో కాదు, నా జాలీతో అని గట్టిగా అన్నాను. ఒక ముసలమ్మ ఆగింది.

"దోమతెర ఎట్లిస్తున్నవ్ నాయనా?"

నేను అమ్మేది తెరలు కాదని మళ్లీ మొదట్నుంచి చెప్పాను. నలుగురు చేరారు. "గట్లయితే నువ్వే తిను, చూస్తం," అన్నాడొకాయన. లచ్చక్క అప్పటికే పుల్ల చీల్చింది. పక్కన మొక్కజొన్న కంకులు కాల్చే ఆమె నిప్పు ఇచ్చింది. లచ్చక్క పుట్టగొడుగులు కాల్చి నా చేతికిచ్చింది. తిన్నాను. జనం కదల్లేదు. నేను ఎప్పుడు పడిపోతానా అని గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. ఇంత మంది నా వంటను కూడా ఇంత ఆసక్తిగా చూడలేదు. అరగంటైంది. నాకేం కాలేదు. కొందరు కాస్త నిరాశగానే వెళ్లిపోయారు. దోమతెర అడిగిన ముసలమ్మ వచ్చి దోసెడు కొనుక్కుంది. తర్వాత ఇంకొందరు.

గంప సగం ఖాళీ అయింది. మిగతా సగం ఎప్పటిలాగే ఇంటికి మోసుకుపోయింది. తర్వాతి మూడు వారాలూ వెళ్లి తిన్నాను. నాలుగో వారం "నువ్వు రాకు, నువ్వే సగం తింటున్నవ్," అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. రిసార్ట్‌లో మళ్లీ పనికి పిలిపిస్తానంటే, "నేను పోను," అంది. రెండు వానాకాలాల గంపలు ఎక్కడ నుంచి తెచ్చివ్వాలో నాకు తెలియదు.

ఆఖరి రోజు బయల్దేరుతుంటే వెనక నుంచి పిలిచింది.

"తమ్మీ, ఆ జాలీ ఉన్నదా?"

"షెడ్డు వెనక పడి ఉన్నదక్కా."

"తెచ్చియ్యి. కోళ్లకు ముంగిస తిరుగుతున్నది."

తెచ్చాను. సుత్తితో సాపు చేసి ఆమె కోళ్ల గూటికి నేనే కొట్టాను. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, సరిగ్గా సరిపోయింది. కన్ను అరంగుళం కాబట్టి ముంగిస దూరదు. కింద వైపు మాత్రం మేకులు కొంచెం దగ్గర దగ్గరగా కొట్టాలి.